మానుకున్నారా, మాన్పించారా: ఉద్యోగం మధ్యలో ఆగినవారు భృతి అడిగే పద్ధతి

లెక్క తేల్చే రోజున కంపెనీ ఆఫీసులో బల్ల మీద సాధారణంగా రెండు కాగితాలు ఉంటాయి. మొదటిదానిలో రావలసిన జీతం, వాడుకోని సెలవుల డబ్బు లెక్క ఉంటుంది. రెండోది ఇంగ్లీషులో టైపు చేసిన నాలుగు వాక్యాల కాగితం. దాని కింద సంతకం పెడితేనే మొదటి కాగితంలోని డబ్బు చేతికి వస్తుందని చెబుతారు. ఆ నాలుగు వాక్యాల సారాంశం ఒక్కటే: సొంత కారణాల వల్ల నేనే ఉద్యోగం మానుకుంటున్నాను. కృష్ణపట్నం దారిలోని ఒక కర్మాగారంలో, టైమ్ ఆఫీసులో పదకొండేళ్ళు హాజరు పట్టీలు చూసినవాడిగా ఆ రెండో కాగితాన్ని నేనే ఎందరి ముందో పెట్టాను. "పెట్టెయ్యన్నా సంతకం, అందరూ పెట్టేదే" అని కూడా అన్నాను. తీరా పని తగ్గి నన్ను తీసేసిన రోజున, మా మేనేజరు అదే మాట నాతో అంటే, చదవకుండానే సంతకం చేశాను. నెల తిరిగాక ఈఎస్ఐ (కార్మికుల బీమా సంస్థ) ఇచ్చే నిరుద్యోగ భృతి అడగబోతే, రికార్డు ప్రకారం నేను మానుకున్నవాడిననీ, మానుకున్నవారికి ఆ భృతి వర్తించదనీ తేలింది. చెప్పినవారి తప్పేమీ లేదు, నిబంధన అదే.

అందువల్ల ఈ విషయంలో మొదట తేల్చుకోవలసింది ఏ ఫారం నింపాలన్నది కాదు, మీరు మానుకున్నారా, మిమ్మల్ని మాన్పించారా అన్నది. మాన్పిస్తే ఒక దారి, మానుకుంటే మరొక దారి. రెండు దారుల్లోనూ రావలసినవి ఉన్నాయి, కానీ అవి ఒకటి కావు.

ఏది భృతి, ఏది కాదు

మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో నిరుద్యోగ భృతి అనగానే చాలామందికి ముఖ్యమంత్రి యువనేస్తం గుర్తుకు వస్తుంది. 2018 అక్టోబరు 2న మొదలైన ఆ పథకం చదువు పూర్తిచేసి ఉద్యోగం దొరకని యువతకు నెలకు 1,000 రూపాయలు ఇవ్వడానికి పెట్టినది, 2019లో ప్రభుత్వం మారాక ఆగిపోయింది. ఉద్యోగం చేసి పోగొట్టుకున్నవారికి దానితో సంబంధం లేదు. వారికి నగదు భృతి ఇచ్చేది ఈఎస్ఐ, అంటే ఉద్యోగుల రాజ్య బీమా సంస్థ. సచివాలయంలోనో కలెక్టరేట్‌లోనో దీని గురించి అడిగి తిరగడం వల్ల రోజులు గడవడమే తప్ప ఫలితం ఉండదు, ఎందుకంటే ఇది కేంద్ర సంస్థ, దీని దరఖాస్తు వెళ్ళేది ఈఎస్ఐ బ్రాంచి కార్యాలయానికి.

ఆ సంస్థలో ఇందుకు రెండు పథకాలు ఉన్నాయి. రాజీవ్ గాంధీ శ్రామిక్ కల్యాణ్ యోజన 2005 ఏప్రిల్ 1 నుంచి ఉంది. కర్మాగారం మూతపడినా, చట్టప్రకారం రిట్రెంచ్‌మెంట్ చేసినా, అంటే పని లేదని తీసేసినా, పనితో సంబంధం లేని ప్రమాదంలో 40 శాతానికి తగ్గని శాశ్వత వైకల్యం కలిగి ఉద్యోగం పోయినా, కనీసం రెండేళ్ళు చందా కట్టినవారికి ఇది వర్తిస్తుంది. మొదటి 12 నెలలు రోజు సగటు వేతనంలో 50 శాతం, తరువాతి 12 నెలలు 25 శాతం ఇస్తారు, ఆ కాలంలో కుటుంబానికి వైద్యం కూడా కొనసాగుతుంది. రెండోది అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజన. 2018 జూలై 1న రెండేళ్ళ ప్రయోగంగా మొదలుపెట్టి, గడువు తీరినప్పుడల్లా పొడిగిస్తూ వచ్చారు. మొదట సగటు ఆదాయంలో 25 శాతంగా ఉన్న దీని భృతిని 2020 మార్చి 24 నుంచి 50 శాతానికి పెంచారు, ఉద్యోగం పోయాక 90 రోజులు ఆగాలన్న షరతును 30 రోజులకు తగ్గించారు. జీవితకాలంలో మొత్తం మీద 90 రోజులకు మించి ఇవ్వరు.

జనంలో కాస్తో కూస్తో పేరున్నది రెండోదానికే. నా దృష్టిలో ఇది తలకిందుల వ్యవహారం. రిట్రెంచ్‌మెంట్ అని రాసి ఉన్న కాగితం చేతిలో ఉన్న మనిషి మొదట అడగవలసింది రాజీవ్ గాంధీ పథకం గురించే. రోజు వేతనం 500 రూపాయలు అనుకుంటే మొదటి ఏడాదికే 90 వేల పైచిలుకు వస్తుంది. అటల్ పథకం కింద ఎంత వస్తుందో కింద లెక్కతో చూపిస్తాను, పోల్చుకోవచ్చు. ఒకే కాలానికి రెండు చోట్లా తీసుకోవడం కుదరదు.

ఈఎస్ఐ మీకు ఉందా

జీతం చీటీ తీసి చూడండి. ఈఎస్ఐ కింద కోత ఉంటే అది వేతనంలో 0.75 శాతం ఉంటుంది, కంపెనీ తన వంతుగా మరో 3.25 శాతం కడుతుంది. 2019 జూలై 1 నుంచి ఇవే రేట్లు. నెలకు 15,000 రూపాయల వేతనానికి మీ వంతు 113 రూపాయలు. వేతన పరిమితి 2017 జనవరి నుంచి 21,000 రూపాయలు, వైకల్యం ఉన్నవారికి 25,000. అంతకు మించి జీతం తీసుకునేవారికి ఈ భృతి దారి లేదు, వారు నేరుగా ప్రావిడెంట్ ఫండ్ భాగానికి వెళ్ళవచ్చు.

చీమకుర్తి వైపు ఒక తిరకాసు ఉంది. గెలాక్సీ గ్రానైట్ తీసే క్వారీ చట్టం దృష్టిలో గని. 1948 నాటి ఈఎస్ఐ చట్టం గనులను ఫ్యాక్టరీ నిర్వచనం నుంచి పక్కన పెట్టింది. ఆ రాయినే కోసి పాలిష్ పట్టే యూనిట్ మాత్రం ఫ్యాక్టరీ. ఒకే యజమాని కింద అన్న క్వారీలోనూ తమ్ముడు పాలిష్ షెడ్డులోనూ పనిచేస్తుంటే ఒకరికి ఈఎస్ఐ నంబరు ఉండి మరొకరికి లేకపోవడానికి కారణం ఇదే, దాన్ని యజమాని మోసంగా భావించి పోట్లాటకు దిగవలసిన పని లేదు.

రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంట్లలో పరిస్థితి వేరు. అక్కడ తల తీసేవారు, గ్రేడింగ్, ప్యాకింగ్ చేసేవారిలో చాలామంది కంపెనీ పేరు మీద కాక కాంట్రాక్టరు పేరు మీద ఉంటారు. కాంట్రాక్టరు మారినప్పుడల్లా కొత్త ఈఎస్ఐ నంబరు తీసే అలవాటు కొన్నిచోట్ల ఉంది. ఒక మనిషికి రెండు నంబర్లు ఉంటే చందా రోజులు రెండుగా చీలిపోయి, ఏ నంబరు మీదా అర్హతకు చాలవు. బ్రాంచి కార్యాలయంలో ఆధార్ చూపించి పాత నంబరునే కొనసాగించమని, రెండూ కలపమని లిఖితపూర్వకంగా అడగాలి. ఈ పని ఉద్యోగం ఉన్నప్పుడే చేసుకోవడం మేలు. కాంట్రాక్టరు చందా ఎగ్గొట్టినా అసలు కంపెనీ బాధ్యత తప్పదు, ఎందుకంటే కాంట్రాక్టు కార్మికుల చందాను ముందుగా కట్టవలసింది ప్రధాన యజమానే అని ఈఎస్ఐ చట్టం పెట్టింది.

రికార్డులో పడే మాట

కంపెనీ ప్రతి నెలా ఈఎస్ఐ పోర్టల్‌లో చందా వివరాలు నింపుతుంది. ఆ నెలలో పని రోజులు సున్నా ఉన్నవారి పేరు పక్కన ఒక కారణం ఎంచుకోవలసి ఉంటుంది. ఆ జాబితాలో 'లెఫ్ట్ సర్వీస్', 'రిట్రెంచ్‌మెంట్', 'నో వర్క్', 'ఆన్ లీవ్' అనేవి వేర్వేరు వరుసలు. నెలాఖరున వందల పేర్లు నింపే గుమాస్తాకు ఈ తేడా పట్టదు, పైన కనిపించే 'లెఫ్ట్ సర్వీస్' మీద వేలు పడుతుంది. నా వేలు కూడా ఏళ్ళ తరబడి అక్కడే పడింది. ఆ ఒక్క నొక్కుతో మాన్పించిన మనిషి మానుకున్నవాడు అవుతాడు.

అటల్ పథకం షరతుల్లో ఈ విషయం స్పష్టంగా ఉంది. తనంతట తాను పని వదిలేసినవారికి, స్వచ్ఛంద పదవీ విరమణ తీసుకున్నవారికి, వయసు మీరి విరమణ చేసినవారికి, క్రమశిక్షణ చర్య కింద తొలగించబడినవారికి, చట్టవిరుద్ధమైన సమ్మెలో ఉన్నవారికి, లాకౌట్ కాలానికి భృతి ఇవ్వరు. అంటే రాజీనామా లేఖ మీద మీ సంతకం ఉంటే కంపెనీ ఈఎస్ఐకి పంపే సమాధానం సిద్ధంగా ఉన్నట్టే.

కాబట్టి లెక్క తేల్చే రోజున చేయవలసినది ఇది. డబ్బు ముట్టినట్టు రసీదు మీద సంతకం పెట్టండి, రాజీనామా మీద పెట్టకండి. రెండూ ఒకే కాగితంలో కలిపి టైపు చేసి ఉంటే, సంతకం పక్కన మీ చేతిరాతతో "పని లేదని కంపెనీ చెప్పినందున" అని తెలుగులోనే రాసి, తేదీ వేసి, అక్కడికక్కడే ఫోనుతో ఫొటో తీసుకోండి. సంతకం లేకపోతే జీతం ఆపుతామంటే, అలా ఆపే హక్కు వారికి లేదు. 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్ ప్రకారం తొలగించినా, రిట్రెంచ్ చేసినా, రాజీనామా చేసినా రావలసిన వేతనాన్ని రెండు పని దినాల లోపల చెల్లించాలి. ఆ మాటను గొడవగా కాక, మామూలుగా చెప్పి చూడండి. టైమ్ ఆఫీసు బల్లకు అవతల కూర్చున్న అనుభవంతో చెబుతున్నాను, నిబంధన తెలిసి నెమ్మదిగా మాట్లాడే మనిషి దగ్గర ఎవరూ ఎక్కువసేపు పట్టుబట్టరు.

మన దగ్గర ఎక్కువగా జరిగేది కాగితం లేకుండా మాన్పించడం. 2025 ఆగస్టులో రొయ్యల మీద అమెరికా సుంకం 50 శాతానికి చేరినప్పుడు ఎగుమతి మీద బతికే యూనిట్లకు గడ్డుకాలం వచ్చింది. అలాంటి రోజుల్లో మేస్త్రీ ఫోను చేసి "రేపట్నుంచి బస్సు రాదు, మళ్ళీ చెప్తాం" అంటాడు, అంతటితో సరి. అలాంటప్పుడు ఇంట్లో కూర్చుంటే నెల తిరిగేసరికి మీరే రావడం మానేసినట్టు అవుతుంది. వారం లోపల కంపెనీకీ కాంట్రాక్టరుకూ విడివిడిగా ఒక ఉత్తరం పంపాలి. 2025 సెప్టెంబరు 1 నుంచి రిజిస్టర్డ్ పోస్టును స్పీడ్ పోస్టులో కలిపారు కాబట్టి, చేరినట్టు రుజువు వచ్చే పద్ధతిలో స్పీడ్ పోస్టు చేసి రసీదు దాచుకోవాలి. ఉత్తరానికి ఇంగ్లీషు అక్కరలేదు. ఇలా రాస్తే చాలు:

"అయ్యా, నేను మీ సంస్థలో ఫలానా తేదీ నుంచి ప్యాకింగ్ విభాగంలో పనిచేస్తున్నాను. నా ఈఎస్ఐ నంబరు ఇది, యూఏఎన్ (పీఎఫ్) నంబరు ఇది. ఫలానా తేదీన పని లేదని, మళ్ళీ చెప్పేదాకా రావద్దని ఫలానా వారు నాకు ఫోనులో చెప్పారు. నేను పని మానుకోలేదు, పిలిస్తే రావడానికి సిద్ధంగా ఉన్నాను. పని ఇవ్వలేని పక్షంలో ఆ విషయాన్ని రాతపూర్వకంగా తెలియజేయవలసిందిగా, ఈఎస్ఐ రికార్డులో అదే కారణాన్ని నమోదు చేయవలసిందిగా కోరుతున్నాను."

ఈ ఉత్తరంలో బలమైన వాక్యం నాలుగోది, దాన్ని మాత్రం వదలవద్దు. ఉత్తరానికి జవాబు రాకపోయినా, రేపు బ్రాంచి కార్యాలయం కంపెనీని విచారించినప్పుడు మీ వైపు నుంచి తేదీతో కూడిన ఆధారం ఒకటి ఉంటుంది. మేస్త్రీ పంపిన వాట్సాప్ సందేశాలను, వాయిస్ మెసేజ్‌లను కూడా చెరపకుండా ఉంచండి.

ఇదే చోట మరో మాట చెప్పాలి. నిజంగా మీరే మంచి జీతం కోసమో, ఇంటి దగ్గర పరిస్థితుల వల్లో మానుకుని ఉంటే, మాన్పించారని రాయించుకునే ప్రయత్నం చేయవద్దు. స్నేహితుడైన గుమాస్తా ఉంటే అది తేలికే. కానీ తప్పుడు వివరాలిచ్చినందుకు ఈఎస్ఐ చట్టం 84వ సెక్షన్ కింద శిక్ష పడినవారు ఈ పథకానికి అనర్హులు, పైగా ఆ గుమాస్తా ఉద్యోగం కూడా పోతుంది.

ఏడాదిలో 240 రోజులు పనిచేసిన కార్మికుడిని పని లేదని తీసేస్తే నెల రోజుల నోటీసు గానీ నెల జీతం గానీ, దానితో పాటు పూర్తయిన ప్రతి ఏడాదికి 15 రోజుల సగటు వేతనం కూడా ఇవ్వాలన్న పాత నిబంధన కొత్త పారిశ్రామిక సంబంధాల కోడ్‌లోనూ కొనసాగింది. ఇందులో నోటీసు వేరు, పరిహారం వేరు. ఒకటి ఇచ్చి రెండోది ఎగ్గొట్టడానికి వీల్లేదు. ఈ పరిహారం కోసం వెళ్ళవలసింది ఈఎస్ఐకి కాదు, రాష్ట్ర కార్మిక శాఖ కార్యాలయానికి. నెల్లూరు, ఒంగోలు కలెక్టరేట్లలో సోమవారం జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ పెట్టడం ఉపయోగపడేది ఇలాంటి రాష్ట్ర శాఖ విషయానికే.

అటల్ పథకం దరఖాస్తు

అర్హత లెక్క చూడడానికి తలనొప్పిగా ఉంటుంది కానీ ఒకసారి పట్టుబడితే తేలికే. ఈఎస్ఐ ఏడాదిని రెండు చందా కాలాలుగా చూస్తుంది. ఏప్రిల్ 1 నుంచి సెప్టెంబరు 30 వరకు ఒకటి, అక్టోబరు 1 నుంచి మార్చి 31 వరకు మరొకటి. మీరు కనీసం రెండేళ్ళు బీమా ఉన్న ఉద్యోగంలో ఉండి ఉండాలి. ఉద్యోగం పోవడానికి సరిగ్గా ముందున్న చందా కాలంలో 78 రోజులకు తగ్గకుండా, రెండేళ్ళలోని మిగిలిన మూడు చందా కాలాల్లో ఏదో ఒకదానిలో మరో 78 రోజులకు తగ్గకుండా చందా పడి ఉండాలి. ఒక మనిషిని 2025 డిసెంబరు 10న మాన్పించారనుకుందాం. అతని విషయంలో ముందున్న కాలం 2025 ఏప్రిల్ నుంచి సెప్టెంబరు వరకు. అందులో 78 రోజులు ఉన్నాయా అన్నది మొదటి ప్రశ్న. 2023 అక్టోబరు నుంచి 2025 మార్చి వరకు ఉన్న మూడు కాలాల్లో ఎక్కడైనా 78 రోజులు ఉన్నాయా అన్నది రెండోది. చేపల వేట నిషేధం, చెరువుల్లో పట్టుబడి లేని నెలలు, ఇంట్లో పెళ్ళిళ్ళు కలిసి వచ్చి హాజరు తగ్గిన అర్ధసంవత్సరం ఏదైనా మీకు ఉంటే, దాని ముందూ వెనకా చూసుకోండి. రెండు మంచి అర్ధసంవత్సరాలు ఉంటే గండం గట్టెక్కినట్టే, వాటిలో ఒకటి మాత్రం చివరిది అయి ఉండాలి. ఏ కాలంలో ఎన్ని రోజుల చందా పడిందో ఈఎస్ఐ పోర్టల్‌లో బీమా వ్యక్తి లాగిన్‌లోకి వెళితే కనిపిస్తుంది.

ఇక దరఖాస్తు. ఉద్యోగం పోయిన రోజు నుంచి 30 రోజులు గడిచాకే పెట్టాలి, రాబోయే రోజులకు ముందుగా అడిగితే ఒప్పుకోరు. అదే పోర్టల్‌లో అటల్ పథకం క్లెయిమ్ తెరిచి, ఖాళీగా ఉన్న రోజుల తేదీలు, బ్యాంకు వివరాలు నింపి, ఆధార్, బ్యాంకు పాస్‌బుక్ మొదటి పేజీ స్కాన్ చేసి పెట్టాలి. అలా అప్‌లోడ్ చేసినవారు కాగితాలు పట్టుకుని కార్యాలయానికి వెళ్ళనవసరం లేదు. అప్‌లోడ్ కుదరకపోతే దరఖాస్తు ప్రింటు తీసి, సంతకం చేసి, ఆ నకళ్ళు జతపరచి బ్రాంచి కార్యాలయంలో ఇవ్వాలి. కంపెనీ సంతకం కోసం తిరగవలసిన పని కూడా లేదు, విచారణ కార్యాలయమే చేసుకుంటుంది. ఒకప్పుడు స్టాంపు కాగితం మీద అఫిడవిట్ అడిగేవారు, దాన్ని 2020 నవంబరులోనే తీసేశారు. అయినా ఇప్పటికీ నోటరీ ఖర్చులంటూ మూడు నాలుగు వందలు అడిగే నెట్ సెంటర్లు ఉంటాయి. ఆ డబ్బు మిగుల్చుకోండి. దరఖాస్తు పెట్టేముందు బ్రాంచిలో ఒక్క మాట అడగండి: మీ ఉద్యోగం పోయిన తేదీకి పథకం పొడిగింపు అమల్లో ఉందా అని. ఈఎస్ఐ ఉచిత ఫోను నంబరు 1800112526కు చేసి కూడా తెలుసుకోవచ్చు.

వచ్చే మొత్తం లెక్క ఇది. ముందటి నాలుగు చందా కాలాల్లో మీ మొత్తం వేతనాన్ని 730తో భాగిస్తారు, అందులో సగం రోజు భృతి. నెలకు 15,000 చొప్పున రెండేళ్ళూ పనిచేసిన మనిషికి మొత్తం 3,60,000. దాన్ని 730తో భాగిస్తే సుమారు 493, సగం 246 చిల్లర. 90 రోజులకు దాదాపు 22,190 రూపాయలు. మధ్యలో పని లేని నెలలు ఉంటే భాగహారం 730 తోనే కాబట్టి భృతి తగ్గుతుంది, ఇది చాలామంది ఊహించని కోత. నలభై రోజులకే వేరే చోట పని దొరికితే భృతి ఆగుతుంది కానీ మిగిలిన 50 రోజులు మీ ఖాతాలోనే ఉంటాయి, మళ్ళీ ఉద్యోగం పోయి, అర్హత ఉంటే అడగవచ్చు.

మానుకున్నవారికి మిగిలేవి

రాజీనామా చేసినవారికి ప్రభుత్వ భృతి లేదు కానీ సొంత డబ్బు ఉంది. మూలవేతనం 15,000 అయితే నెలకు మీ వంతు 1,800, కంపెనీ వంతు నుంచి 550 ప్రావిడెంట్ ఫండ్‌లోకి, మరో 1,250 పింఛను పథకంలోకి వెళుతుంది. మూడేళ్ళకు వడ్డీ కలపకుండానే ఫండ్‌లో 84,600 రూపాయలు ఉంటాయి.

ఉద్యోగం పోయినవారు ఈ డబ్బు ఎంత కాలానికి తీసుకోవచ్చన్న విషయంలో పాత మాటలే ఇంకా ఊళ్ళలో తిరుగుతున్నాయి. రెండు నెలలు ఆగితే మొత్తం వస్తుందన్నది పాత నిబంధన. 2025 అక్టోబరు 13న జరిగిన ప్రావిడెంట్ ఫండ్ సంస్థ ట్రస్టీల బోర్డు సమావేశం దాన్ని మార్చాలని నిర్ణయించింది. దాని ప్రకారం 75 శాతం వెంటనే తీసుకోవచ్చు, మిగిలిన 25 శాతం 12 నెలలు ఉద్యోగం లేకుండా ఉన్నాకే, పింఛను భాగం 36 నెలల తరువాతే. మీరు దరఖాస్తు చేసే రోజున పోర్టల్ తెర మీద కనిపించే షరతునే ప్రమాణంగా తీసుకోండి, పక్కింటివారికి ఎప్పుడో వచ్చిన తీరును కాదు. 2024-25 సంవత్సరానికి ఈ నిల్వ మీద వడ్డీ 8.25 శాతం, ఉద్యోగం మానేసినా వడ్డీ ఆగదు. ఇల్లు గడవడానికి వేరే దారి ఉంటే మొత్తం తుడిచి తీసుకోకపోవడమే మంచిదని నా అభిప్రాయం. చీటీ పాటలో పోయిన పీఎఫ్ డబ్బును నా కళ్ళతో చూశాను.

క్లెయిమ్ ఆగిపోయేది ఎక్కువగా రెండు చోట్ల. ఒకటి, ఉద్యోగం వదిలిన తేదీ నమోదు కాకపోవడం. కంపెనీ వేయకపోతే, చివరి చందా పడిన రెండు నెలల తరువాత మెంబర్ పోర్టల్‌లో 'మార్క్ ఎగ్జిట్' అన్న చోట ఆధార్ ఓటీపీతో మీరే వేసుకోవచ్చు. ఒకసారి వేసిన తేదీని మార్చడం కష్టం కాబట్టి జీతం చీటీ ముందు పెట్టుకుని వేయండి. రెండోది ఇంటిపేరు. కంపెనీ రిజిస్టరులో ఇంటిపేరు పొడి అక్షరంగా, ఆధార్‌లో పూర్తిగా, బ్యాంకులో పేరుకు వెనక ఉండడం మన తెలుగువారి ఇళ్ళలో మామూలు. మనిషికి అది ఒకే పేరు, కంప్యూటరుకు మూడు పేర్లు. యూఏఎన్ నంబరు 2017 అక్టోబరు 1 తరువాత వచ్చి, ఆధార్‌తో సరిచూసి ఉంటే, పేరు, పుట్టిన తేదీ వంటివి కంపెనీ అనుమతి లేకుండా మీరే సరిచేసుకునే సౌకర్యం 2025 జనవరిలో వచ్చింది. అంతకు ముందటి నంబరైతే కంపెనీ ఆమోదం కావాలి, కాబట్టి తగువు పెట్టుకుని బయటికి వచ్చేముందే ఆ పని ముగించుకోవడం తెలివైన పని.

అయిదేళ్ళ లోపు సర్వీసు ఉండి, తీసుకునే మొత్తం 50,000 దాటితే పాన్ ఉన్నవారికి 10 శాతం పన్ను కోస్తారు. పన్ను కట్టవలసినంత ఆదాయం లేదని తెలిపే డిక్లరేషన్, అంటే ఇన్నాళ్ళూ 15జి అని పిలిచినది, జతచేస్తే ఆ కోత తప్పుతుంది. పింఛను భాగం విషయంలో, మళ్ళీ ఎక్కడైనా పీఎఫ్ ఉన్న ఉద్యోగంలో చేరే ఆలోచన ఉంటే డబ్బు తీసుకోకుండా ఫారం 10సి మీద స్కీమ్ సర్టిఫికెట్ అడగండి. పదేళ్ళు కలిస్తే 58 ఏళ్ళకు పింఛను వస్తుంది. సమస్య పోర్టల్‌లో తేలకపోతే ప్రతి నెలా 27న జిల్లాలో జరిగే 'నిధి ఆప్కే నికట్' శిబిరానికి వెళ్ళవచ్చు. నెల్లూరు, ప్రకాశం రెండు జిల్లాల్లోనూ ఇది జరుగుతుంది, చోటు మాత్రం నెల నెలా మారుతుంటుంది కాబట్టి ముందు కనుక్కుని వెళ్ళాలి. ఫోను నంబరు 14470.

అయిదేళ్ళు నిండినవారికి రాజీనామా చేసినా గ్రాట్యుటీ హక్కు పోదు. చివరి నెల మూలవేతనం, కరువు భత్యం కలిపి 26తో భాగించి, 15తో గుణించి, ఏళ్ళతో గుణిస్తే వచ్చేది గ్రాట్యుటీ. 30 రోజుల్లో కంపెనీ చెల్లించాలి. నిర్ణీత కాలపు ఒప్పందం మీద పనిచేసినవారికి కొత్త సామాజిక భద్రత కోడ్ ఏడాది సర్వీసుకే ఈ హక్కు ఇచ్చింది.

చివరగా ఈఎస్ఐ వైద్యం. మానుకున్నా మాన్పించినా కార్డు ఆ రోజే చెల్లకుండా పోదు. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు వరకు 78 రోజుల చందా ఉంటే తరువాతి జనవరి 1 నుంచి జూన్ 30 వరకు, అక్టోబరు నుంచి మార్చి వరకు 78 రోజులు ఉంటే ఆ జూలై 1 నుంచి డిసెంబరు 31 వరకు వైద్యం అందుతుంది. పైన చెప్పిన 2025 డిసెంబరు 10 మనిషికి అక్టోబరు నుంచి లెక్కవేసినా 78 రోజులు నిండవు కాబట్టి, అతని ఇంట్లోవారికి డిస్పెన్సరీలో మందులు 2026 జూన్ 30 వరకే. చేయించుకోవలసిన పరీక్షలు, ఆపరేషన్లు ఏవైనా ఉంటే ఆ తేదీలోపు పెట్టుకోవాలి.